తొమ్మిది అడుగుల డిజైను

శుక్రవారం పొద్దున మునెప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. అయిదు గంటల బస్సుకు కృష్ణగిరి వెళ్ళాలి. బావమరిది ఇంట్లోనూ, ఇంకో నాలుగిళ్ళలోనూ ఆహ్వాన పత్రికలు ఇవ్వాలి. పదకొండు గంటలకల్లా హోసూరు చేరుకొని, ఆదివారం ప్రారంభోత్సవానికి షామియానా ఎక్కడ కట్టించాలో చూసుకోవాలి. ఇందులో చిక్కు పడేందుకు ఏముందని ఎవరైనా అనుకుంటారు. మునెప్ప కూడా అలాగే అనుకొని, తెల్లచొక్కా తొడుక్కొని బస్సెక్కాడు.

బస్టాండు వెనక సంతవీధిలో మునెప్ప మెస్సు ఇరవై ఎనిమిదేళ్ళ నాటిది. రాగిముద్ద, ఉలవచారు, నాటుకోడి పులుసు. వంట ఆయన భార్య చెన్నమ్మది, గల్లాపెట్టె ఆయనది. బాగలూరు పక్క పల్లెలో మట్టింట్లో పుట్టిన మునెప్పకు మట్టంటే చిన్నప్పటి నుంచీ పడదు. అందుకని మెస్సు పెట్టిన మొదటి ఏడాది సిమెంటు గచ్చు వేయించాడు. తరువాత గోడలకు టైల్సు, టేబుళ్ళకు ఫార్మైకా, పైన ఆరు ట్యూబులైట్లు, ఎదురుగా నిలువుటద్దం. ఇక చేయించడానికి ఏమీ మిగలలేదనుకుంటున్న సమయంలో రెండువేల నాలుగో సంవత్సరం వచ్చింది, కొడుకు గోకుల్ బెంగుళూరులో కేటరింగు చదువు ముగించుకొని వచ్చాడు.

అప్పటికే హోసూరులో హోటళ్ళకు కొత్త పిచ్చి పట్టింది. ఒకడు ఏసీ ఫ్యామిలీ రూము అన్నాడు, ఇంకొకడు చైనీస్ అన్నాడు, మూడోవాడు ఇడ్లీ పాత్ర పక్కనే తందూరి పొయ్యి పెట్టాడు. గోకుల్ వీటన్నిటినీ ఒక చూపు చూసి పెదవి విరిచాడు.

"నాయనా, బెంగుళూరోళ్ళు కార్లేసుకొని హైవే మీద పోతా ఉండారు. వాళ్ళకు టేబులు వద్దు, ట్యూబులైటు వద్దు. పల్లె కావాలంట. మట్టిగోడ, నులకమంచం, లాంతరు. దీన్ని కాన్సెప్టు అంటారు."

"మట్టిగోడ వద్దనే కదరా నేను పల్లె ఇడిసిపెట్టి వచ్చింది?"

"అందరూ ఇడిసిపెట్టి వచ్చినారు కాబట్టే దానికిప్పుడు గిరాకీ."

చెన్నమ్మ ఒక్క షరతు పెట్టింది. "గోడకు మట్టి పూస్తారో పేడ పూస్తారో మీ ఇష్టం. నా పొయ్యి జోలికొస్తే మాత్రం తెడ్డు తిరగేస్తాను."

అలా పని మొదలైంది. హాలు గోడలకు మట్టి పూత అయింది. నిలువుటద్దాన్ని తీసుకెళ్తుంటే మునెప్ప గుమ్మం దాకా సాగనంపి వచ్చాడు. మిగిలింది వీధివైపు గోడ. దాని మీది పోస్టర్లన్నీ గోకుల్ గీకించి, సున్నం కొట్టించి, గురువారం సాయంత్రం బొగ్గుముక్కతో రెండు మామిడిపిందెలు, ఒక తీగ నమూనాగా గీశాడు. కావేరిపట్టణం నుంచి రావలసిన పెయింటరు అచ్చెన్నకు ఫోను చేసి, "శాంపిల్ గోడ మీదే ఉండాది. తెల్లారేటప్పటికి వచ్చి, దాన్ని చూసి ఎర్రరంగుతో వరసగా కొట్టుకుంటా పో. నేను మంచాలు తెచ్చేదానికి బెంగుళూరు పోతా ఉండాను" అని చెప్పి అదే సాయంత్రం వెళ్ళిపోయాడు.

అచ్చెన్న బోర్డులు రాయడంలో పేరున్నవాడు. చూసింది చూసినట్టు దించుతాడు. ఒక డాక్టరు విజిటింగు కార్డిచ్చి బోర్డు రాయమంటే, ఆ కార్డు మీద పడిన కాఫీ మరకను కూడా కొలత తప్పకుండా బోర్డు మీదికి ఎక్కించిన మనిషి.

శుక్రవారం చెన్నమ్మ నాలుగున్నరకే లేచింది. ప్రతి శుక్రవారం గడప కడిగి, గుమ్మం పక్క గోడ కడిగి, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టడం ఆమెకు అలవాటు. ఎవడో గోడంతా బొగ్గుతో గీకి పెట్టాడని తిట్టుకుంటూ చీపురుతో రుద్ది రుద్ది కడిగింది. మామిడిపిందెలు కాలువలోకి పోయాయి. వాటి పక్కన ఒక ఎర్రటి గీత, బాణం గుర్తు, కింద తొమ్మిది అంకె మాత్రం పోలేదు. అవి ఆయిల్ పెయింటువి. రెండేళ్ళ కిందట ఎవరో టేపు పట్టుకొని వచ్చి, సగం వీధి కొలిచి, ఆ ఒక్క గుర్తు మునెప్ప గోడ మీద వేసి వెళ్ళిపోయారు. ఆ తరువాత పోస్టర్లు దాన్ని కప్పేశాయి, వీధి మరిచిపోయింది. సున్నం పలచగా వేయడం వల్ల ఇప్పుడది మళ్ళీ తేలింది. చెన్నమ్మకు దానితో పని లేదు. ఎప్పుడూ పెట్టే చోట పసుపు రాసి మూడు బొట్లు పెట్టింది. ఆ చోటు సరిగ్గా తొమ్మిది కిందికి వచ్చింది. తరువాత ఆమె లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

అయిదున్నరకు అచ్చెన్న వచ్చాడు. గోడ చూశాడు. గీత, బాణం, తొమ్మిది, మూడు బొట్లు. కాన్సెప్టు అంటే చూడగానే అర్థం కాకూడదని ఆయన ఇదివరకే ఎక్కడో విని ఉన్నాడు. పైగా ఇంటి ఇల్లాలు పసుపు కుంకుమ కూడా పెట్టింది, ఇక శాంపిల్ ఇదేనా అని అడగవలసిన పని లేదు. సున్నపు ఘాటుకు మూతికి తువాలు కట్టుకొని పని మొదలుపెట్టాడు. సంతవీధి ఆ వరసలో ఎనిమిది అంగళ్ళు. ఎనిమిదింటికీ గోడ ఒకటే, సున్నం ఒకటే, ఎక్కడ ఏది ముగుస్తుందో ఊరికి కొత్తవాడికి తెలియదు. వరసగా కొట్టుకుంటూ పొమ్మన్నారు కాబట్టి, వరస ముగిసేదాకా కొట్టుకుంటూ పోయాడు. బొట్లతో సహా.

పదకొండు గంటలకు మునెప్ప బస్సు దిగేసరికి వీధి మొదట్లో పూలమ్ముకునే మారక్క ఎదురొచ్చింది.

"మునెప్పన్నా, యాడికి పోయినావు? ఈడ కొంపలు మునిగిపోయినాయి! రోడ్డు పెద్దది చేస్తారంట. తెల్లారకముందే గవర్మెంటు మనిషి వచ్చి అందరి గోడలకూ గుర్తులేసి పోయినాడు. నా కండ్లతో చూసినాను. మూతికి తువాలు కట్టుకోనుండాడు, పిలిస్తే కూడా పలకలా."

"ఎంత పోతాదంట?"

"తొమ్మిదడుగులు!"

 వీధిలోకి తిరిగితే దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు. ఆ దుమ్ములో గడపారలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఈ కంగారుకు కారణం లేకపోలేదు. ఇదివరకు బస్టాండు పక్క వీధిలో అంగళ్ళవాళ్ళు చివరిదాకా కదలకుండా కూర్చుంటే, మిషను వచ్చి ఒక్క పూటలో తలుపులు, కిటికీలు, ఇటుకలు అన్నీ పొడి చేసి పోయింది. అప్పటినుంచి సంతవీధి ఒక నిర్ణయానికి వచ్చింది. మన వంతు వస్తే మనమే విప్పుకోవాలి. రేకు రేకుగా, ఇటుక ఇటుకగా దాచుకోవాలి. ఈరోజు ఆ నిర్ణయాన్ని ముచ్చటగా అమలు చేస్తున్నారు. కిరాణా అంగడి దొడ్డప్ప అందరికంటే ముందున్నాడు. అప్పటికే ఆయన అంగడి ముందు భాగం లేదు. పప్పు డబ్బాలు రోడ్డును చూస్తున్నాయి.

మునెప్ప పరుగున మెస్సు చేరాడు. లోపల ఒక కొత్త మనిషి తువాలు భుజాన వేసుకొని, రాగిముద్ద మింగుతూ తృప్తిగా కూర్చొని ఉన్నాడు.

"అన్నా, నేను అచ్చెన్నను. పని అయిపోయినాది. ఎనిమిది అంగళ్ళకూ కొట్టేసినాను. ఒక్క బొట్టు కూడా వంకర పోలేదు, కావలిస్తే కొలుచుకో" అన్నాడు.

మునెప్ప ఆయన్ను చూశాడు, బయటి గోడను చూశాడు, మళ్ళీ ఆయన్ను చూశాడు. తరువాత మెల్లగా నేల మీద కూర్చున్నాడు. విషయం విన్న చెన్నమ్మ కూడా తెడ్డు పక్కన పెట్టి వచ్చింది. "ఆ బొగ్గు గీతలు తుడిచింది నేనే కదయ్యా" అంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో మునెప్పకు అర్థం కాలేదు.

"పోయి ఉన్నదున్నట్టు చెప్పేసి రా" అంది కొంగు దించి.

"ఎట్ల చెప్పేదే? దొడ్డప్ప అంగడి నేల మీద ఉండాది!"

"ఇంకో గంట తాళితే ఇంకో రెండుంటాయి."

మునెప్పకు ఆస్తిపాస్తులు పెద్దగా లేవు. ఆ వీధిలో ఆయనకున్నదల్లా మాట. అన్నదమ్ములు గోడ కోసం తగువులాడుకున్నా, కాలువ నీళ్ళ గొడవైనా, "మునెప్పన్న చెప్పినాడంటే సరే" అనేవాళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళుగా సంపాదించిన ఆ పేరు ఈరోజు తొమ్మిది అడుగుల కింద పడి పోబోతోంది.  పూర్తి నిజం చెప్పే ధైర్యం రాక, సగం నిజంతో పని గడుపుకుందామని బయలుదేరాడు.

"ఆపండప్పా! కూలగొట్టొద్దు! అది గవర్మెంటు గుర్తు కాదు" అన్నాడు వీధి మధ్య నిలబడి.

గడపారలు ఆగాయి. "నీకెట్ల తెలుసు?" అన్నాడు దొడ్డప్ప.

మునెప్ప తడబడ్డాడు. "తెలిసినవాళ్ళు చెప్పినారు."

"ఎవరు?"

"అది... పేరు చెప్పేదానికి లేదు."

ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పొద్దున్నే తెల్లచొక్కా వేసుకొని కృష్ణగిరి వెళ్ళాడు. ఆఫీసులన్నీ ఉండేది అక్కడే. తిరిగి వచ్చి పేరు చెప్పకూడని మనుషులు చెప్పారంటున్నాడు. దొడ్డప్ప దగ్గరికి వచ్చి చెవిలో అడిగాడు. "మునెప్పా, నీ అంగడి తప్పించుకున్నావా ఏంది? తప్పించుకుంటే మా పేర్లు కూడా చెప్పరాదా?"

"అయ్యో, అది కాదప్పా! రెండు దినాలు తాళండి, నేనే అన్నీ చెప్తాను."

ఈ మాట అనకుండా ఉండవలసింది. రెండు దినాల్లో మిషను వస్తుందట, మునెప్పన్నకు తేదీ కూడా తెలుసట అని వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా పాకింది. అంతవరకూ పని మొదలుపెట్టని ఇద్దరు కూడా సూళగిరి నుంచి మేస్త్రీలను పిలిపించుకున్నారు.

సాయంత్రానికి ఇంకో సంగతి వీధి కంటబడింది. ఇంత దుమ్ములో మునెప్ప గోడ ఒక్కటి తెల్లగా మెరుస్తోంది. వచ్చేపోయేవాళ్ళు దాని ముందు ఆగి, ఏమీ అనకుండా చూసి పోతున్నారు. తిట్టినా మునెప్ప భరించేవాడు. ఆ చూపులు భరించలేకపోయాడు. గడపార తీసుకొని మొదటి దెబ్బ తానే వేశాడు.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? నిజం తెలిసినోడివి నువ్వు కూడా కూలగొట్టుకుంటావా?" అని చెన్నమ్మ అరిచింది.

"ఊరందరి గోడలూ పోయి నాదొక్కటే నిలబడితే, ఆ గోడ వెనక నేనెట్ల కూర్చునేది?" అని మునెప్ప రెండో దెబ్బ వేశాడు. నిజానికి ఆ దెబ్బతో ఆయన మనసు కొంచెం తేలికైంది కూడా.

శనివారం మధ్యాహ్నం గోకుల్ వ్యానులో పన్నెండు నులకమంచాలు, ఇరవై లాంతర్లు వేసుకొని వచ్చాడు. మెస్సు ఎక్కడుందో మొదట కనుక్కోలేకపోయాడు. కనుక్కున్నాక, ఇటుకల కుప్ప మీద కూర్చున్న తండ్రిని చూసి నోరు తెరిచాడు.

"నాయనా, గోడ యాడ?"

"నీ కాన్సెప్టు తినేసింది" అన్నాడు మునెప్ప.

సాయంత్రం అయిదు గంటలకు వరసలో చివరిది, మలుపు దగ్గరి కోదండరామయ్య అంగడి ఒక్కటే మిగిలింది. పలకలు, నోటుపుస్తకాలు అమ్మే అంగడి. కోదండరామయ్యకు డెబ్బై దాటాయి. ఆ అంగడి ఆయన తండ్రి కట్టించింది. షట్టర్లు రాకముందు నాటి టేకు చెక్కల తలుపు, పది చెక్కలు. ఏది ఎక్కడ నిలబెట్టాలో తెలియడానికి ఒక్కొక్క చెక్క మీద తండ్రి స్వయంగా ఉలితో అంకెలు చెక్కాడు. పెద్దాయన ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా ఆ చెక్కలు ఒక్కొక్కటే తీసి, తువాలుతో తుడిచి, గోడకు చేరవేస్తున్నాడు. ఏడు తీశాక, ఎనిమిదోది పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. వెనక మేస్త్రీ గడపార పట్టుకొని ఎదురుచూస్తున్నాడు.

మునెప్ప ఇక ఉండబట్టలేకపోయాడు. పేరు పోతే పోయింది, ఈ పాపం మోయడం నావల్ల కాదని జనాన్ని తోసుకుంటూ వెళ్ళి పెద్దాయన చేయి పట్టుకున్నాడు.

"అన్నా, ఆ చెక్క ఆడే పెట్టు! ఇదంతా మా తప్పు. గవర్మెంటు మనిషి రాలేదు, ఏమీ రాలేదు. మా గోడకు బొమ్మలెయ్యమని పెయింటరును పిలిచినాము. మా ఆడమనిషి శాంపిల్ తుడిచేసినాది. వాడు పాత గుర్తును చూసి అందరి గోడల మీదా దించేసినాడు. నిన్ననే తెలిసినాది నాకు. భయపడి నోరు మూసుకున్నాను. మీరు నన్ను తన్నండి, ఉమ్మండి, మా పెద్దాయన అంగడి మాత్రం ముట్టొద్దండప్పా!"

 ఏడు అంగళ్ళవాళ్ళు, పద్నాలుగు మంది మేస్త్రీలు కదలకుండా నిలబడ్డారు. అచ్చెన్న మాత్రం వెనకనుంచి, "ఎనిమిదింటిలో ఒక్కటన్నా తేడా ఉంటే చూపించండి" అని గొణిగాడు. దొడ్డప్ప గడపార కింద పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకోవడం మొదలుపెట్టాడు. మునెప్ప కళ్ళు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడు స్కూటరు చప్పుడైంది. దిగినాయన చంకలో పటం చుట్ట, చేతిలో టేపు. "నేను సర్వేయర్ను" అని చెప్పి, వీధిని ఈ కొస నుంచి ఆ కొస దాకా నోరు తెరిచి చూశాడు.

"సోమవారం నోటీసులు ఇయ్యాలనుకున్నాము. అంతలోకే మీరే కూలగొట్టుకుంటా ఉండారని ఎవరో చెప్తే నమ్మలా. ఎంత తీసినారు?"

"తొమ్మిదడుగులు" అన్నాడు దొడ్డప్ప, చేతులు మడుచుకోవడం ఆపి.

సర్వేయరు కొలిచాడు. పటం చూశాడు. మళ్ళీ కొలిచాడు. "మా పటంలో పదకొండు ఉండాది. పర్వాలేదు, మీ అంతట మీరే చేసినారు కదా. మిగతా రెండడుగులకు కాలువ మీద బండలు పరిస్తే సరిపోతాదని నేను రాస్తాను. మీ మాదిరి వీధి నా సర్వీసులో చూడలా."

"మరి ఈ అంగడి?" అన్నాడు కోదండరామయ్య, చెక్క వదలకుండానే.

"ఇది పటంలోనే లేదు. రోడ్డు దీనికి ముందరే మలుపు తిరుగుతాది." ఆయన కళ్ళజోడు సవరించుకొని ఆ గోడ మీది గుర్తును దగ్గరగా చూశాడు. "ఇది మా గుర్తు కాదే. కుంకుమ బొట్లు పెట్టే అలవాటు మాకు లేదు."

"అట్లనే సార్, మీది కాదు. మాకు తెలుసు" అన్నాడు దొడ్డప్ప ఒక కన్ను మూసి.

స్కూటరు వీధి దాటేదాకా అందరూ ఆగారు. తరువాత ఏడు అంగళ్ళవాళ్ళూ మునెప్ప చుట్టూ చేరారు. అసలు లెక్క పదకొండు, మునెప్ప తీయించింది తొమ్మిది. మిషను రాకముందే ఒక్క ఇటుక పాడు కాకుండా విప్పించాడు. సరిగ్గా ఏ అంగడి పటంలో లేదో దాని దగ్గరికి వచ్చి చేయి అడ్డం పెట్టాడు. ఇంతకంటే ఏం రుజువు కావాలి?

"అన్నా, నేను చెప్పింది నిజం. ఆ అచ్చెన్న..." అని మునెప్ప మొదలుపెట్టాడు.

కోదండరామయ్య ఆయన్ను గుండెకు హత్తుకున్నాడు. "చాలప్పా. లోపలి మనుషుల పేర్లు బయటపెట్టకూడదని పెయింటరు కథ అల్లినావు. తప్పు ఇంటి ఆడమనిషి మీద కూడా వేసినావు. మాకు అర్థం కాదా?" అని, తీసిన ఏడు చెక్కలనూ మళ్ళీ వరసగా నిలబెట్టడం మొదలుపెట్టాడు. మునెప్ప ఏడుగురికీ ఏడు సార్లు నిజం చెప్పాడు. చెప్పినకొద్దీ ఆయన మీద గౌరవం పెరిగింది.

ఆదివారం మెస్సు ముందు గోడ లేకుండానే ప్రారంభోత్సవం జరిగింది. పెట్టడానికి వేరే చోటు లేక గోకుల్ మంచాలను ఆ తొమ్మిది అడుగుల్లోనే వేశాడు. మధ్యాహ్నం ఒక కారు ఆగింది. అందులోంచి దిగిన బెంగుళూరు కుటుంబం విరిగిన గోడ అంచును, బయటపడిన ఇటుకలను చేత్తో తడిమి చూసి, ఇంత సహజంగా ఎవరు చేశారని అడిగింది. "నేనే" అని అచ్చెన్న ముందుకు వచ్చాడు. ఆ తరువాత వాళ్ళు ముద్దను నమలబోతుంటే, "మింగాలమ్మా, నమిలితే పండ్లకు అంటుకుంటాది" అని చెన్నమ్మ పొయ్యి దగ్గరినుంచే కేకేసింది. సాయంత్రానికి పన్నెండు మంచాలూ నిండాయి.

రెండు వారాలు గడిచాయి. పక్కనున్న గాండ్లవీధి నుంచి అయిదుగురు పెద్దమనుషులు వచ్చి, మంచాల మీద సర్దుకొని కూర్చొని, గొంతు తగ్గించి అడిగారు.

"మునెప్పా, మా వీధికి ఎన్నడుగులు?"

మునెప్ప ఎదురుగా ఉన్న ముద్ద పళ్ళెం మీద చేయి పెట్టాడు. "అన్నం ముందర చెప్తా ఉండానప్పా. నాకేమీ తెలీదు. మీ వీధికి ఏమీ రాలేదు. పోయి హాయిగా పడుకోండి."

అయిదుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. చేతులు కడుక్కొని, ఆయనకు రెండు చేతులా దండం పెట్టి వెళ్ళిపోయారు.

మరునాడు పొద్దున ఆరు గంటలకే గాండ్లవీధిలో గడపారల చప్పుడు మొదలైంది.